వంటగదిలో తెగిపోయే ఫోను

మా ఇంటి వరండాలో ఫోను చక్కగా పలుకుతుంది. వంటగదిలోకి వస్తే ‘హలో, హలో’ తప్ప మాట సాగదు. తెర మీది సిగ్నల్ గీతలు ఒక్కో ఫోనులో ఒక్కో లెక్క, వాటిని పట్టుకుంటే తేలేదేమీ ఉండదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘అబౌట్ ఫోన్’ కింద సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం డీబీఎంలలో (ఆ బలాన్ని కొలిచే కొలమానం) కనిపిస్తుంది. మైనస్ అంకె కాబట్టి సున్నాకు ఎంత దగ్గరైతే అంత మేలు.

గదిగదికీ తిరిగి చూశాను. వరండాలో -94, పొయ్యి గట్టు దగ్గర -118. తలెత్తి చూస్తే కారణం కనిపించింది: పైన ఇనుప చువ్వల స్లాబు, టవరు ఉన్న దొడ్డివైపు రేకుల పందిరి. లోహం రేడియో తరంగాలను వెనక్కి కొడుతుంది. ఫోను తరంగాల్లోనూ 2300 మెగాహెర్ట్జ్‌వి గోడలు దాటడంలో 850 మెగాహెర్ట్జ్ వాటికన్నా బలహీనం.

దుకాణదారు సిగ్నల్‌ను పెంచే బూస్టర్ పరికరం అంటగట్టబోయాడు. అనుమతి లేకుండా అది పెట్టడం మన దేశంలో చట్టవిరుద్ధం, పైగా ఇరుగుపొరుగు ఫోన్లకూ చేటు. వద్దని వచ్చేశాను.

పని జరిగింది వైఫై కాలింగ్‌తో, అంటే టవరుకు బదులు ఇంటి వైఫై మీదుగా కాల్ వెళ్లే పద్ధతితో. సెట్టింగ్స్‌లో దాన్ని ఆన్ చేసి, టీవీ వెనక నక్కిన రౌటర్‌ను హాల్లో అల్మరా మీదికి ఎక్కించాను. అయినా మైక్రోవేవ్ తిరిగినప్పుడల్లా మాట గరగరలాడేది, నా వైఫైలాగే అదీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తుంది మరి. ఫోనును 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాక ఆ గోల ఆగింది. కరెంటు పోతే రౌటరూ ఆగుతుంది కాబట్టి దాన్ని ఇన్వర్టర్ లైనుకు కలిపించాను.