ప్లాస్టిక్ తగ్గించే సాధన – 2వ పాఠం: వారం రోజుల చిట్టా

సీసాల అడుగున త్రికోణంలో ఉండే 1 నుంచి 7 వరకు అంకెలను చదవడం కిందటి పాఠంలో నేర్చుకున్నాం. ఆ అంకె ప్లాస్టిక్ ఏ రకమో చెబుతుందే తప్ప, దాన్ని మళ్లీ కరిగించి వాడతారని హామీ ఇవ్వదని కూడా చూశాం. ఈసారి పని ఒక్కటే. వారంలో ఇంట్లోకి ఎంత ప్లాస్టిక్ వస్తోందో, ఏ దారిన వస్తోందో రాసిపెట్టాలి.

చాలామంది ఈ మెట్టు దాటేసి స్టీలు స్ట్రాలు, వెదురు బ్రష్షులు కొనడంతో మొదలుపెడతారు. ఇంట్లో స్ట్రా వాడేదే అరుదైతే, స్టీలు స్ట్రా కొన్నందువల్ల తగ్గేదేమీ ఉండదు, ఇంట్లో ఇంకో వస్తువు చేరుతుంది. ఏది ఎక్కువగా వస్తోందో తెలిస్తేనే ఏది మానాలో తెలుస్తుంది. ఆ సంగతి పక్కింటివాళ్ల జాబితా చూస్తే తేలదు.

సరంజామా

మూతలేని పెద్ద అట్టపెట్టె, గ్రాముల్లో చూపే వంటింటి తూకం, ఒక నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్ను. పెన్ను కట్టడం చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పెన్ను కోసం వెతుక్కోవాల్సి వచ్చిన రోజే చిట్టా ఆగిపోతుంది. పెట్టె చెత్తబుట్ట పక్కనే ఉండాలి, వేరే గదిలో వద్దు.

పండగలు, ప్రయాణాలు, చుట్టాల రాకపోకలు లేని మామూలు వారాన్ని ఎంచుకోండి. ఇంట్లో అందరికీ ఒక్క మాట చెప్పండి: ఈ ఏడు రోజులూ అలవాట్లేవీ మార్చుకోవద్దు. లెక్క పెడుతున్నామని తెలియగానే చెయ్యి వెనక్కి పోతుంది. అప్పుడు వారం చివర వచ్చే అంకె ముచ్చటగా ఉంటుంది కానీ, దేనికీ పనికిరాదు.

లెక్కపెట్టే పద్ధతి

పుస్తకంలో మూడు గడులు గీయండి: వస్తువు, ఎన్ని, ఎలా వచ్చింది. మూడో గడి ఈ పాఠానికి ప్రాణం. అందులో నాలుగు మాటల్లో ఒకటి రాయాలి. మనమే తీసుకున్న క్యారీబ్యాగు, నీళ్ల సీసా, టీ కప్పు లాంటివి ‘తీసుకున్నది’. సరుకుతో పాటు తప్పక వచ్చేది ‘చుట్టుకొచ్చింది’. పార్సిల్‌లో గాలి సంచులు, వద్దన్నా వేసే చెంచాలు ‘అడక్కుండా వచ్చింది’. విరిగిన బక్కెట్టు, అరిగిన బ్రష్షు ‘పాడైంది’.

విడిగా పారేయగలిగే ప్రతిదీ ఒకటిగా లెక్క. ఒక కవర్లో ఆరు చిన్న ప్యాకెట్లు ఉంటే మొత్తం ఏడు. సీసాను మూతతో కలిపి ఒకటే అనుకోండి. ఈ నియమం మొదటి రోజే రాసిపెట్టుకోకపోతే బుధవారం ఒకలా, శనివారం ఇంకోలా లెక్కపెడతారు.

పాలు, నూనె అంటిన ప్యాకెట్లను పెట్టెలో వేసేముందు, గిన్నెలు కడిగాక మిగిలిన నీళ్లలో ఒకసారి జాడించి, తలకిందులుగా ఆరబెట్టండి. ఇది శుభ్రత కోసమే కాదు. తడి ఉంటే తూకం తప్పుతుంది, పైగా మూడో రోజుకి పెట్టె వాసన కొట్టి ఎవరో ఒకరు మొత్తం పారేస్తారు. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు, మందు అంటిన కట్లు పెట్టెలో వేయొద్దు. వాటికి పుస్తకంలో ఒక్కో గీత గీస్తే చాలు.

బయట వాడినదే ఎక్కువగా జారిపోతుంది. ఆఫీసులో తాగిన కప్పు, దారిలో కొన్న సీసా రాత్రికి గుర్తుండవు. వాటిని ఇంటికి తీసుకురండి, లేదా పారేసే క్షణంలోనే ఫోన్లో రాసుకోండి.

బరువా, సంఖ్యా?

రెండూ కావాలి, ఎందుకంటే అవి వేర్వేరు సంగతులు చెబుతాయి. ఒక లీటరు నీళ్ల సీసా సుమారు 25 గ్రాములు తూగవచ్చు, సన్నటి క్యారీబ్యాగు సుమారు 5 గ్రాములు. చిన్న షాంపూ ప్యాకెట్టు బరువు తూకంలో కనిపించడమే కష్టం. బరువొక్కటే చూస్తే నీళ్ల సీసాలే దోషులుగా తేలతాయి. కానీ ఆ సీసా ఒకే రకం ప్లాస్టిక్, ఏరుకుని కొనేవాళ్లు ఉంటారు. షాంపూ ప్యాకెట్టుకు ఆ అవకాశం దాదాపు లేదు.

కారణం చేత్తోనే చూడొచ్చు. ఖాళీ ప్యాకెట్టు మూల కత్తిరించి, అంచును రెండు వేళ్లతో మెల్లగా చించండి. ఒక పొర సాగుతూ తెల్లబడుతుంది, ఇంకోటి చటుక్కున చిరుగుతుంది, మధ్యలో వెండిరంగు గీత కనిపిస్తుంది. అవి పాలిథిన్, పాలియెస్టర్, అల్యూమినియం. పాలిథిన్ 105 నుంచి 130 డిగ్రీల సెల్సియస్ మధ్య కరుగుతుంది, పాలియెస్టర్‌కు సుమారు 250 డిగ్రీలు కావాలి. కరిగినా రెండూ ఒకదాంతో ఒకటి కలవవు. వాటిని విడదీయడానికి అయ్యే శ్రమ, ఖర్చు ముందు వచ్చే ప్లాస్టిక్ విలువ ఎందుకూ చాలదు. ఇలాంటి వాటికి పుస్తకంలో పక్కన చుక్క పెట్టండి.

‘రీసైక్లింగ్‌కి ఇస్తున్నాం కదా’ అని నిశ్చింతగా ఉండేవాళ్లకు ఒక లెక్క. 2015 వరకు ప్రపంచంలో పోగైన ప్లాస్టిక్ చెత్తలో మళ్లీ వాడకంలోకి వచ్చింది సుమారు 9 శాతం, కాల్చింది 12 శాతం. మిగతా 79 శాతం చెత్తదిబ్బల్లోనో, నేలలో నీళ్లలోనో ఉండిపోయిందని 2017లో రోలండ్ గేయర్, జెన్నా జామ్‌బెక్, కారా లా వెలువరించిన పరిశోధన లెక్కగట్టింది. వేరుచేసి ఇవ్వడం మంచి అలవాటే, మానొద్దు. మన చిట్టాలో మాత్రం దాన్ని తగ్గింపు కింద రాయకూడదు.

ఎనిమిదో రోజు

పెట్టె నేలమీద బోర్లించి, రకాలవారీగా కుప్పలు పెట్టండి. కుప్పల్లో లెక్క పుస్తకంతో సరిపోకపోతే కుప్పనే నమ్మండి. పెట్టెలో వేయని వాటికి మాత్రం పుస్తకంలోని గీతలే ఆధారం. మొత్తం బరువు ఒకసారి తూచి రాయండి. ఆ కుప్పలు చూసి మనసు చివుక్కుమనడం సహజం. అయితే ఆ ఆవేశంలో పది తీర్మానాలు చేయొద్దు. సంఖ్య ఎక్కువ ఉన్నవాటిలోంచి రెండే వరసలు ఎంచుకోండి: ఒకటి ‘తీసుకున్నది’, ఒకటి ‘చుట్టుకొచ్చింది’. ‘పాడైంది’ జోలికి ఇప్పుడు పోవద్దు. బాగా పనిచేస్తున్న ప్లాస్టిక్ డబ్బాలను తీసి పారేయడం తగ్గింపు కాదు, చెత్త పెంచడం.

‘తీసుకున్నది’ వరసలో సాధారణంగా క్యారీబ్యాగులే ముందుంటాయి. సంచి తెచ్చామా లేదా అన్నది దుకాణంలో కాదు, ఇల్లు దాటేటప్పుడే తేలిపోతుంది. అందుకే తాళాలు వేలాడే కొక్కేనికే సంచి కూడా వేలాడాలి. సరుకులు సర్దాక ఖాళీ సంచిని అలమరలో పెట్టకుండా, అప్పటికప్పుడు ఆ కొక్కేనికే తగిలించండి. ఈ అలవాటు తప్పేది దాదాపు ఎప్పుడూ ఈ తిరిగి పెట్టే దగ్గరే.

సంచి కొత్తది కొనాల్సిన పనిలేదు. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018 నివేదిక ప్రకారం, ఒక నూలు సంచి తయారీ భారం ప్లాస్టిక్ సంచితో సమం కావాలంటే వాతావరణ మార్పుపై ప్రభావం ఒక్కటే చూసుకున్నా కనీసం 52 సార్లు వాడాలి. అన్ని రకాల పర్యావరణ ప్రభావాలూ కలిపి చూస్తే 7,100 సార్లు. చెత్తగా బయట పడే ప్లాస్టిక్ మాట ఆ లెక్కలో లేదు గనుక అదే తుది తీర్పు కాదు. అయినా డజను కొత్త సంచులు కొని మూల పడేయడం తప్పని మాత్రం అది స్పష్టంగా చెబుతుంది. పాత దుప్పటిలోంచి 45 సెంటీమీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల పొడవు ముక్క కత్తిరించి, సగానికి మడిచి, రెండు పక్కలా కుట్టండి. పైఅంచును 3 సెంటీమీటర్లు లోపలికి మడవండి. 60 సెంటీమీటర్ల పట్టీలు రెండు కావాలి. పట్టీ చివర్లను పైఅంచుకే కుట్టేస్తే బరువుకి అక్కడే ఊడిపోతుంది. 5 సెంటీమీటర్లు కిందికి దించి, చదరంగా కుట్టి, లోపల ఇంటూ గుర్తులా అడ్డకుట్లు వేయండి.

‘చుట్టుకొచ్చింది’ తగ్గించడానికి సులువైన దారి పెద్ద ప్యాకింగ్. లీటరు షాంపూ కోసం 10 మిల్లీలీటర్ల ప్యాకెట్లు 100 కావాలి, సీసా అయితే ఒకటి. అయితే చెడిపోయేలోగా వాడేసే సరుకుకే ఇది పనికొస్తుంది. విడిగా అమ్మే సరుకుకు సొంత డబ్బా తీసుకెళ్లేటప్పుడు, మూతతో కలిపి దాని ఖాళీ బరువును అడుగున చెరగని సిరాతో రాసి ఉంచండి, తూకం దగ్గర వాదన ఉండదు. డబ్బాలో చెమ్మ ఉంటే పొడి సరుకు గడ్డకట్టి బూజు పడుతుంది. అమ్మేవారు కవరు అందుకోకముందే డబ్బా ముందుకు చాపండి.

పది ఇళ్లు కలిస్తే

ఒక్క ఇల్లు అడిగితే అమ్మేవారు పద్ధతి మార్చుకోరు, వాళ్లకు గిట్టుబాటు కాదు. పది ఇళ్ల చిట్టాలు కలిపి అడిగితే మాట వేరు. కలిపేటప్పుడు పేర్లు తీసేసి రకం, సంఖ్య మాత్రమే రాయండి. చెత్తలో ఎవరు ఏ మందులు వాడుతున్నారో కూడా బయటపడుతుంది, అది ఇంకొకరికి తెలియాల్సిన పనిలేదు.

మొదటి ఉమ్మడి ప్రయత్నానికి గిన్నెలు తోమే ద్రవసబ్బు మంచిది, త్వరగా చెడిపోదు, అందరికీ కావాలి. ఇంటికి నెలకు 2 లీటర్ల చొప్పున 20 లీటర్ల క్యాను ఒకటి సరిపోతుంది. ఖాళీ క్యాను వెనక్కి తీసుకుని నింపి ఇస్తారో లేదో కొనకముందే తేల్చుకోండి. తీసుకోకపోతే ఈ శ్రమలో సగం ఫలితం పోతుంది. క్యానుకు కుళాయి బిగించి, కింద కారే చుక్కలకు పళ్లెం పెట్టి, నెలకొకరు బాధ్యత తీసుకోండి. ‘అందరిదీ’ అనుకుని వదిలేసిన క్యాను రెండో నెలకే మూలపడుతుంది.

ఒక్క జాగ్రత్త ఎట్టి పరిస్థితుల్లోనూ తప్పకూడదు: తాగే నీళ్ల సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో సబ్బు నింపొద్దు. పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు. పాత సబ్బు సీసాలనే మళ్లీ నింపి, పేరు, నింపిన తేదీ రాసి అతికించండి.

అభ్యాసం

వారం చిట్టా పూర్తిచేసి, రెండు వరసలు ఎంచుకుని నాలుగు వారాలు పాటించండి. అయిదో వారం అదే పెట్టె, అదే నియమాలతో మళ్లీ లెక్కపెట్టండి. ఎంచుకున్న వరస తగ్గకపోతే ‘ఎలా వచ్చింది’ గడిలో తప్పు రాశారేమో ముందు చూడండి. ‘చుట్టుకొచ్చింది’ అనుకున్నవాటిలో కొన్ని నిజానికి ‘తీసుకున్నది’ అయి ఉంటాయి.

వచ్చే పాఠంలో విందులకు, సమావేశాలకు వాడిపారేసే పళ్లేలు, గ్లాసుల బదులు ఉమ్మడి పాత్రల పెట్టె ఏర్పాటు చేసుకోవడం, కడిగే వరస, పోయే చెంచాల సమస్య చూద్దాం. అప్పటికి మీ చుట్టుపక్కల జరిగే కార్యక్రమాలకు ఒక్కోసారి ఎంతమంది వస్తారో కనుక్కుని రాసి ఉంచండి.