పాత కారులో స్పార్క్ రావట్లేదా? కాయిల్ కొనే ముందు ఇవి చూడండి

సెల్ఫ్ కొడితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది, ఎంతసేపటికీ అంటుకోవట్లేదు. అప్పుడు బండి చుట్టూ చేరినవాళ్లంతా చెప్పేది ఒకటే మాట: "కాయిల్ పోయుంటుంది, మార్చెయ్." నిజానికి కాయిల్ (బ్యాటరీ 12 వోల్టులని స్పార్క్‌కి కావలసిన వేల వోల్టులుగా పెంచే భాగం) అంత తేలిగ్గా పోయే వస్తువు కాదు. విశాఖలో లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ, భీమిలి రోడ్డు వైపు రాత్రంతా బయట నిలబడే బళ్లకి కాయిల్ కంటే ఉప్పుగాలే పెద్ద శత్రువు. టెర్మినళ్ల మీద పచ్చగా, తెల్లగా పొడి పేరుకుంటుంది, ఎర్త్ అందదు, వానాకాలం వస్తే డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్‌కి వంతులవారీగా స్పార్క్ పంచే భాగం) క్యాప్‌లో చెమ్మ. కాబట్టి ముందు డబ్బులు తీయకండి, కరెంట్ ఎక్కడి దాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో వరసగా చూసుకుంటూ వెళ్లండి.

ఇక్కడ చెప్పేదంతా డిస్ట్రిబ్యూటర్, అందులో కాంటాక్ట్ పాయింట్లు (కలుస్తూ విడిపోతూ కాయిల్ కరెంట్‌ని ఇచ్చి ఆపే చిన్న స్విచ్) ఉన్న బళ్ల గురించి, అంటే పద్మిని, అంబాసిడర్, మొదటి తరం మారుతీ 800 లాంటివి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే) బళ్లలో సెన్సర్లు, కంప్యూటర్ ఉంటాయి. వాటి కనెక్టర్లలో బల్బు వైర్లు గుచ్చితే ఉన్నది కూడా పోతుంది, స్కానర్ ఉన్న మెకానిక్‌కి చూపించడమే మేలు.

కావలసినవి

రెండు వైర్లు కలిపిన 12 వోల్టుల చిన్న బల్బు (డ్యాష్‌బోర్డులో వాడేలాంటిది చాలు, హెడ్‌లైట్ బల్బు అయితే ఎక్కువ కరెంట్ లాగేసి తప్పుదారి పట్టిస్తుంది), మామూలు మల్టీమీటర్, ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు), మంచిదని తెలిసిన ఒక స్పార్క్ ప్లగ్, ప్లాస్టిక్ పిడి ఉన్న కటింగ్ ప్లేయర్. సెల్ఫ్ కొట్టడానికి ఇంకొకరు కావాలి.

గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ లాగండి. ఇంతకుముందే చాలాసార్లు సెల్ఫ్ కొట్టి పెట్రోల్ వాసన వస్తుంటే బానెట్ తెరిచి కాసేపు వదిలేయండి, ఆ ఆవిరి మధ్య స్పార్క్ పరీక్ష చేయడం ఒళ్లు కాల్చుకోవడమే. ఉంగరాలు, చేతి గడియారం తీసేయండి. ప్లగ్ వైరులో వచ్చేది వేల వోల్టులు, చేత్తో పట్టుకోవద్దు.

ముందు స్పార్క్ నిజంగా లేదా?

ఒక ప్లగ్ వైరు ఊడదీసి, మంచి ప్లగ్‌కి తగిలించి, ఆ ప్లగ్ లోహపు ఒంటిని ఇంజిన్ మీద రంగు లేని చోట గట్టిగా ఆనేలా పెట్టండి, జంపర్ వైరుతో కట్టేస్తే ఇంకా మంచిది. సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, టప్ టప్ అని చప్పుడుతో స్పార్క్ వస్తే ఇగ్నిషన్ జోలికి పోకండి, పెట్రోల్ వైపు చూడండి. సన్నగా, పసుపుగా వస్తే అది ఉన్నా లేనట్టే. కొన్నిసార్లు ఎండలో కనపడదు కూడా, నీడలో చూడండి.

రాకపోతే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ మధ్యలో దిగే కాయిల్ వైరుని ఊడదీసి, ప్లేయర్‌తో పట్టుకుని, దాని కొనని ఇంజిన్ లోహానికి ఐదారు మిల్లీమీటర్ల దూరంలో ఉంచి మళ్లీ సెల్ఫ్ కొట్టించండి. ఇక్కడ స్పార్క్ బాగా దూకితే కాయిల్, పాయింట్లు, కండెన్సర్ (పాయింట్ల మధ్య మంట లేవకుండా చూసేది) అన్నీ బాగున్నట్టే, తప్పు క్యాప్, రోటర్ (క్యాప్ లోపల తిరుగుతూ ఒక్కో ప్లగ్ వైరుకి స్పార్క్ అందించేది), ప్లగ్ వైర్లలోనే ఉంది, నేరుగా కింద "క్యాప్, రోటర్" దగ్గరికి వెళ్లిపోండి. ఇక్కడా లేకపోతేనే మిగతా పని. (ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ మాడ్యూల్ ఉన్న బండి అయితే ఈ వైరుని మరీ దూరంగా గాల్లో వదిలేసి సెల్ఫ్ కొట్టొద్దు, మాడ్యూల్ దెబ్బతింటుంది.)

బ్యాటరీ, ఎర్త్

త్వరగా చూసేయండి. నిలకడగా ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 9.5 కంటే పడిపోతే స్పార్క్ బలహీనంగానే వస్తుంది. బ్యాటరీ నుంచి బాడీకి, బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్లే ఎర్త్ పట్టీలు విప్పి, రెండు వైపులా గీకి బిగించండి. పైకి బాగానే కనిపించి లోపల పొడిపొడిగా అయిపోయిన పట్టీలు సముద్రం పక్క బళ్లలో మామూలే.

కాయిల్ దగ్గర బల్బు చెప్పే సంగతి

అసలు రోగం బయటపడేది ఇక్కడే, తొందరపడకండి. బల్బు ఒక వైరుని ఇంజిన్ లోహానికి ఆనించి, తాళం ఆన్ చేసి, రెండో వైరుని కాయిల్ ప్లస్ టెర్మినల్‌కి తగిలించండి. వెలగాలి. వెలగకపోతే కాయిల్‌కి కరెంటే రావట్లేదు: ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజు, మధ్యలో కనెక్టరు, లేదంటే పాత ఓనరు దొంగల భయంతో సీటు కింద పెట్టించిన రహస్య స్విచ్. సెకండ్ హ్యాండ్ బండి అయితే ఈ చివరిది తప్పక వెతకండి, ఎవరూ చెప్పరు మరి. సెల్ఫ్ కొడుతున్నంతసేపు అంటుకుని, తాళం వదలగానే ఆగిపోతోందా? బల్లాస్ట్ రెసిస్టర్ (ఇంజిన్ నడుస్తున్నప్పుడు కాయిల్‌కి వెళ్లే కరెంట్‌ని తగ్గించేది) ఉన్న బళ్లలో అది కాలిపోయినప్పుడు ఇలాగే చేస్తుంది, ఇగ్నిషన్ స్విచ్ అరిగినా ఇంతే.

ప్లస్ దగ్గర వెలిగిందా, ఇప్పుడు మైనస్ టెర్మినల్‌కి మార్చి సెల్ఫ్ కొట్టించండి. బల్బు వెలుగుతూ ఆరుతూ మిణుకుమనాలి. పాయింట్లు విడిపోయినప్పుడు వెలుగుతుంది, కలిసినప్పుడు ఆరుతుంది.

ఆరకుండా వెలుగుతూనే ఉంటే పాయింట్లు కలవట్లేదు, లేదా కలిసినా మధ్యలో మసి, నూనె అడ్డుపడుతోంది, లేదా కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్లే సన్నని వైరు తెగింది. ఆ వైరు క్యాప్ కింద తిరిగే ప్లేటుతో పాటు ఊగుతూ ఉంటుంది కాబట్టి తొడుగు బాగుండి లోపల రాగి తెగిపోయి ఉండొచ్చు, కొంచెం లాగి చూడండి.

అసలు వెలగకపోతే మైనస్ నుంచి డిస్ట్రిబ్యూటర్ వైరుని విప్పేసి, ఆ మైనస్ టెర్మినల్‌కే బల్బు పెట్టండి. ఇప్పుడు వెలిగితే కాయిల్ బాగానే ఉంది, డిస్ట్రిబ్యూటర్ లోపల ఏదో ఎర్త్ అయిపోతోంది: పాయింట్లు విడిపోవట్లేదు, కండెన్సర్ షార్ట్ అయింది, లేదా ఆ వైరు ఒరుసుకుపోయి ఎక్కడో తగులుతోంది. అప్పటికీ వెలగకపోతే మాత్రం కాయిల్ లోపలి చుట్ట తెగినట్టే. తాళం ఆపి, వైర్లు విప్పి మీటరుతో ఖాయం చేసుకోండి: చిన్న టెర్మినళ్ల మధ్య మామూలు కాయిల్‌కి 3 ఓమ్‌ల దగ్గర, బల్లాస్ట్‌తో నడిచేదానికి 1.5 దగ్గర ఉంటుంది, మధ్య టవర్‌కి (లావు వైరు దిగే చోటు) కొన్ని వేల ఓమ్‌లు రావాలి.

ఈ పరీక్షల మధ్యలో తాళం ఆన్‌లో వదిలేసి టీ తాగడానికి వెళ్లకండి. పాయింట్లు కలిసి ఉన్న చోట ఇంజిన్ ఆగి ఉంటే కాయిల్ వేడెక్కి నిజంగానే పోతుంది.

పాయింట్లు, కండెన్సర్

క్యాప్ తీసి సెల్ఫ్ కొట్టించి చూడండి, రోటర్ తిరుగుతోందా? మారుతీ 800లో డిస్ట్రిబ్యూటర్‌ని తిప్పేది క్యామ్‌షాఫ్ట్, అది టైమింగ్ బెల్టు మీద నడుస్తుంది, కాబట్టి రోటర్ కదలకపోతే బెల్టు తెగిందని అనుమానించి సెల్ఫ్ ఆపేయండి.

తిరుగుతుంటే పాయింట్ల ముఖాలు చూడండి. కొంచెం నల్లబడితే సన్నని ఆకురాయితో రెండు గీతలు గీసి, స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, దాని రేణువులు అతుక్కుంటాయి. ఒక పక్క గుంత, ఇంకో పక్క మొటిమ లేచి ఉంటే మార్చేయండి, అవి చౌకే. డిస్ట్రిబ్యూటర్ షాఫ్ట్ మీది క్యామ్ ఎత్తు మీద పాయింట్ల మడమ ఉన్నప్పుడు, అంటే అవి పూర్తిగా విడిపోయినప్పుడు, సందు చాలా బళ్లలో 0.4 నుంచి 0.5 మిల్లీమీటర్లు ఉంటుంది, మీ బండి మాన్యువల్లో ఉన్నదే పెట్టండి. సెల్ఫ్ కొడుతుంటే పాయింట్ల మధ్య పెద్ద నీలి మంట మెరుస్తూ, స్పార్క్ మాత్రం నీరసంగా ఉంటే కండెన్సర్ పోయింది. దాన్ని మీటరుతో తేల్చడం కష్టం, కొత్తది వేసి చూడటమే తేలిక. పాయింట్లు కొనేటప్పుడే ఒకటి కలిపి కొనేయండి.

క్యాప్, రోటర్, ప్లగ్ వైర్లు

పోర్టు వైపు బళ్లలో నల్ల దుమ్ము, ఉప్పు చెమ్మ కలిసి క్యాప్ మీద పొర కడతాయి, ఆ పొర మీదుగా స్పార్క్ ఎర్త్‌లోకి పాకిపోతుంది. పొడి గుడ్డతో లోపలా బయటా తుడిచి, వెంట్రుక లాంటి నల్ల గీతలు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. ఉంటే ఎంత తుడిచినా లాభం లేదు, కొత్త క్యాపే. మధ్యలో స్ప్రింగుతో ఉండే కార్బన్ ముక్క ఊడిపోలేదు కదా? అది కూడా చూడండి. రాత్రి చీకట్లో బానెట్ ఎత్తి సెల్ఫ్ కొట్టిస్తే వైర్ల మీద కారిపోయే కరెంట్ నీలంగా కంటికే కనబడుతుంది.

రోటర్‌కి ఇంకో పరీక్ష ఉంది. క్యాప్ లేకుండా, పాయింట్లు కలిసిన స్థితిలో తాళం ఆన్ చేసి, కాయిల్ వైరు కొనని ప్లేయర్‌తో రోటర్ మధ్య లోహానికి దగ్గరగా పట్టుకుని, స్క్రూడ్రైవర్‌తో పాయింట్లని విడదీయండి. రోటర్‌లోకి స్పార్క్ దూకితే అది లోపల చిల్లి పడి షాఫ్ట్‌లోకి కరెంట్ వదిలేస్తోంది. చూడ్డానికి కొత్తదానిలా ఉన్నా సరే, పారేయండి.

స్పార్క్ తిరిగొచ్చి బండి అంటుకున్నాక ఒక పని మిగిలింది. పాయింట్ల సందు మారితే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) కూడా జరుగుతుంది, సందు పెరిగితే స్పార్క్ ముందుగా పడుతుంది. గాజువాక ఆటోనగర్‌లోనో మీ పేటలోనో టైమింగ్ లైట్ ఉన్నవాళ్ల దగ్గర సరిచేయించుకోండి, సింహాచలం ఘాట్ ఎక్కించే ముందే. సరిచేయకపోతే ఎత్తు మీద ఇంజిన్ టకటకమని కొట్టుకుంటుంది.