ఎర్ర కోడిపెట్టతో మొదలుపెట్టి ఇంగ్లిష్ మాటలు నేర్చుకోవడం ఎలా?

అమలాపురంలోనో భీమవరంలోనో డిగ్రీ చదివే పిల్లల్ని అడిగి చూడండి. ఫొటోసింథసిస్ తెలుసు, కాన్‌స్టిట్యూషన్ తెలుసు, గ్లోబలైజేషన్ మీద ఒక పేజీ గడగడా రాసేస్తారు. అదే పిల్లల్ని పప్పు నానబెట్టడం, చింతపండు పిసకడం, కొబ్బరికాయ ఒలవడం ఇంగ్లిష్‌లో చెప్పమంటే నోట మాట రాదు. తప్పు వాళ్లది కాదు. మన పాఠాల్లో పెద్ద మాటలు వచ్చాయి గానీ, ఇంట్లోనూ చేలోనూ చేసే పనుల మాటలు రాలేదు. ఇంగ్లిష్ ఇంటి భాష అయిన పిల్లలు ఆ చిన్న మాటలన్నీ బడికి వెళ్లకముందే కథల్లో వినేస్తారు.

ఆ లోటు తీర్చడానికి పాత అద్భుత కథలంత తేలికైన దారి ఇంకోటి లేదని నా అభిప్రాయం. వాటిలో రాజులూ మంత్రగత్తెలూ పేరుకే. కథలో సగం వండటం, వడ్డించటం, కుట్టటం, కోయటం, తలుపు తట్టటం, బావిలో నీళ్లు తోడటం. బ్యాంకు ఇంటర్వ్యూకి కావలసిన ఇంగ్లిష్ ఈ కథల్లో దొరకదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. కానీ ఇంగ్లిష్ మీడియంలో వేసిన పిల్లలకు ఇంట్లో చదువు చెప్పాలనుకునే తల్లులకూ, కువైటో మస్కటో వెళ్లి ఇంటిపని, వంటపని చేయాలనుకునేవాళ్లకూ కావలసినవి సరిగ్గా ఈ మాటలే.

ముందు కథ ఎంచుకోవాలి

సిండ్రెల్లా అందరికీ తెలిసిందే కదా అని దానితో మొదలుపెట్టేవాళ్లే ఎక్కువ. మొదటికే మోసం. అందులో వాక్యాలు పొడుగు, పెళ్లిబట్టల వర్ణన ఎక్కువ. మొదటి కథలో చూసుకోవలసింది ఒక్కటే: అన్న మాటే మళ్లీ మళ్లీ రావాలి. ఆ లెక్కన ఎర్ర కోడిపెట్ట (ద లిటిల్ రెడ్ హెన్) కథ, మూడు పందిపిల్లల కథ, మూడు ఎలుగుబంట్ల కథ, ఈ వరుసలో చదవండి. ఎలుగుబంట్ల కథలో గిన్నె, కుర్చీ, మంచం అన్నీ మూడేసి ఉంటాయి కాబట్టి ‘టూ హాట్, టూ కోల్డ్, జస్ట్ రైట్’ లాంటివి చదువుతుండగానే నోటికొచ్చేస్తాయి.

ఇంకో సంగతి. మనం ఇంగ్లిష్ కథలనుకునేవాటిలో చాలా వాటి పుట్టిల్లు ఇంగ్లండు కాదు. సిండ్రెల్లానీ, ఎర్ర టోపీ పిల్లనీ షార్ల్ పెరో 1697లో ఫ్రెంచిలో అచ్చువేశాడు. గ్రిమ్ సోదరుల జర్మన్ కథల మొదటి సంపుటం 1812లో వచ్చింది. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ తన అద్భుత కథలను 1835 నుంచి డేనిష్‌లో అచ్చువేశాడు. అంటే మనం చదివేది అనువాదం. ఏ అనువాదకుడి మాటలు ఆయనవి. పందొమ్మిదో శతాబ్దపు అనువాదాల్లో దౌ, దీ, హాత్ లాంటివి ఎదురవుతాయి. ఇవాళ ఎవరూ మాట్లాడని మాటలవి, చూసి దాటేయండి. మూడు పందిపిల్లలు, జాక్ చిక్కుడుతీగ లాంటివి మాత్రం ఇంగ్లండులో చెప్పుకున్న కథలే. జోసెఫ్ జేకబ్స్ 1890లో తెచ్చిన సంకలనంలో రెండూ ఉన్నాయి.

పుస్తకానికి డబ్బు పెట్టనక్కర్లేదు. మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు ఎక్కడున్నాయో అడగండి. రాజమండ్రి దగ్గరివాళ్లకు గౌతమీ గ్రంథాలయం ఉండనే ఉంది. ఫోనుంటే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైటులో గ్రిమ్, ఆండర్సన్, జేకబ్స్ కథలు ఉచితంగా దొరుకుతాయి. అవే కథలను లిబ్రివాక్స్ అనే ఇంకో సైటులో ఎవరో ఒకరు గట్టిగా చదివి రికార్డు చేసి పెట్టి ఉంటారు, అదీ ఉచితమే. మొదటి నాలుగైదు కథలకు మాత్రం బొమ్మలతో తేలిక ఇంగ్లిష్‌లో రాసిన పిల్లల పుస్తకమే మేలు.

కథను ఒకసారి తెలుగులో చెప్పుకోండి

పుస్తకం తెరవకముందే చేయాల్సిన పని ఇది. కోడిపెట్టకు గోధుమగింజ దొరికింది. నాటుదాం ఎవరొస్తారు అంటే ఎవరూ రాలేదు. కోద్దాం అంటే రాలేదు, నూర్చుదాం అంటే రాలేదు. చివరికి రొట్టె తినడానికి మాత్రం అందరూ సిద్ధం. కోడిపెట్ట ఊరుకుంటుందా? తనే తినేసింది. ఇంతే కథ.

ఇలా చెప్పుకుంటే తర్వాత ఏం జరుగుతుందో ముందే తెలిసిపోతుంది. తెలియని మాట వచ్చినా ‘ఇక్కడ కోత జరుగుతుండాలే’ అని మీరే పట్టేస్తారు. ఆ పట్టేయడంలోనే మాట మనసులో నాటుకుంటుంది.

మొదటిసారి ఆగకుండా చదవాలి

డిక్షనరీ ముట్టుకోవద్దు. తెలియని మాట కింద పెన్సిలుతో చుక్క పెట్టి ముందుకు సాగిపోండి. ప్రతి మాట మీదా తెలుగు అర్థం రాసుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. దయచేసి మానేయండి. అర్థం రాసి ఉంటే కన్ను దాని మీదే వాలుతుంది, కింది ఇంగ్లిష్ మాటను చూడనే చూడదు. ఎదురెదురు పేజీల్లో తెలుగూ ఇంగ్లిషూ అచ్చేసిన బడి పుస్తకాలతోనూ ఇదే ఇబ్బంది. చదివేటప్పుడు తెలుగు పేజీ మీద ఒక అట్టముక్క కప్పితే సరి.

రెండోసారి చదువుతూ మాటలు ఏరుకోవాలి

చుక్క పెట్టిన ప్రతి మాటా నేర్చుకోనక్కర్లేదు. కథలో రెండుసార్లకు మించి వచ్చినవీ, చేతులతో చేసే పనిని చెప్పేవీ తీసుకోండి. కథకు పదికి మించి వద్దు.

ఎర్ర కోడిపెట్టనే తీసుకుందాం. గోదావరి జిల్లాలవాళ్లకు ఈ కథ ఒక వరం. సార్వాకైనా దాళ్వాకైనా మనకు తెలిసిన వరుసే కదా: విత్తడం, నాటడం, కోత, నూర్పు, తూర్పారబట్టడం, మర. ఇంగ్లిష్‌లో అవే సో, ప్లాంట్, రీప్, త్రెష్, విన్నో, మిల్. కథలో అన్నీ ఉండకపోవచ్చు. కొన్ని పుస్తకాల్లో రీప్ బదులు కట్ అని, మిల్ బదులు గ్రైండ్ అని ఉంటుంది. లేనివి మీరే కలుపుకోండి. నారు పీకి ఊడ్చడానికి ట్రాన్స్‌ప్లాంట్ అన్న మాట ఉంది, అది కోడిపెట్టకు అక్కర్లేదు గానీ మనకు కావాలి. ఇప్పుడు చేలోకి వచ్చే కోతమిషనును కంబైన్ అనడం కూడా ఇందుకే; కోత, నూర్పు, తూర్పార మూడూ కలిపి చేసేస్తుంది.

బేక్ దగ్గర కొంచెం ఆగాలి. మనది ఓవెన్‌ల వంట కాదు. అయినా పైనా కిందా నిప్పులు పెట్టి కాల్చిన దిబ్బరొట్టె చూసినవాళ్లకు బేక్ అంటే ఏమిటో దాదాపు తెలిసినట్టే.

ఈ వరుస చదివేటప్పుడు ఇంట్లో పెద్దావిడ ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆవిడకు ఇంగ్లిష్ రాకపోయినా ఫరవాలేదు. మాట ఎలా నడుస్తుందంటే:

“త్రెష్ అంటే దంచడం, మామ్మా.”

“కోసుకొచ్చిన పనలు పట్టుకెళ్లి రోట్లో దంచుతారంట్రా ఎవరైనా? నూరుస్తారు. దంచేది తర్వాత.”

“అయితే దంచడానికి ఇంకో మాట ఉండాలి.”

“ఉంటుంది, చూడు మరి.”

చూస్తే పౌండ్ అని దొరుకుతుంది. పిల్లవాడికి ఒక మాట కావాల్సి వస్తే రెండు వచ్చాయి, రెంటికీ తేడా కూడా తెలిసింది.

నోటుపుస్తకంలో ఏం రాయాలి?

‘బ్లో అంటే ఊదు’ అని రాస్తే అది అక్కడే పడి ఉంటుంది. మాటను దాని పక్కమాటలతో సహా ఎత్తి రాయండి. మూడు పందిపిల్లల కథలో తోడేలు ప్రతి ఇంటి ముందూ ఒకే బెదిరింపు బెదిరిస్తుంది: ‘ఐల్ హఫ్, అండ్ ఐల్ పఫ్, అండ్ ఐల్ బ్లో యువర్ హౌస్ ఇన్.’ ముందు దాన్ని ఉన్నదున్నట్టు దించుకోండి. కింద మీ ఊరి వాక్యాలు రాయండి. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు: ‘ద సైక్లోన్ బ్లూ డౌన్ అవర్ కోకోనట్ ట్రీస్.’ దీపం ఊది ఆర్పితే ‘బ్లో అవుట్ ద ల్యాంప్’. వేడి టీ ఊదుకుంటే ‘బ్లో ఆన్ ద టీ’. అరుగు మీది కాగితాలు ఎగిరిపోతే ‘ద పేపర్స్ బ్లూ అవే’. పక్కనున్న చిన్నమాట మారితే అర్థం ఎలా తిరుగుతోందో చూశారు కదా. బట్టీ పడితే ఇది రాదు.

కథలన్నీ జరిగిపోయిన సంగతులు చెప్తాయి కాబట్టి క్రియల రూపాలు కూడా ఇక్కడే పట్టుకోవచ్చు. బ్లో, బ్లూ, బ్లోన్ అని రాసుకుంటే దాని పక్కనే గ్రో, గ్రూ, గ్రోన్. త్రో, త్రూ, త్రోన్. నో, న్యూ, నోన్ వచ్చి చేరతాయి. ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఈ పట్టికను గ్రామరు పుస్తకంలో చూసి నేర్చుకోవడం కంటే తోడేలు దగ్గర నేర్చుకోవడం హాయి.

గట్టిగా చదవాలి

మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. అందుకే పిగ్ మన నోట్లో పిగ్గు అవుతుంది, హెన్ హెన్ను అవుతుంది. లిబ్రివాక్స్‌లో ఒక వాక్యం విని, ఆపి, అలాగే పలకండి. చివరి ఉకారం తగిలించకుండా చూసుకోండి. వుల్ఫ్ అనేటప్పుడు పెదాలు గుండ్రంగా చుట్టాలి, విలేజ్ అనేటప్పుడు పైపళ్లు కింది పెదవికి తగలాలి. నైఫ్, నీ, నాక్ ఈ మూడింటికీ స్పెల్లింగులో ముందు కె ఉంటుంది, పలకదు. స్నో వైట్ కథలో విషం పూసిన దువ్వెన వస్తుంది. చివర బి కనిపించింది కదా అని కోంబ్ అనేస్తారు చాలామంది; అది కోమ్.

నలుగురుంటే పాత్రలు పంచుకుని చదవండి. కోడిపెట్ట కథలో పిల్లి, కుక్క, బాతు వంతులవారీగా ‘నాట్ ఐ’ అంటాయి. ఇంట్లో మూడేళ్ల పిల్ల కూడా ఆ పాత్ర వేసేస్తుంది. కాకపోతే ఇది పాత పద్ధతి. బయట మాట్లాడేటప్పుడు ‘నాట్ మీ’ అంటారు.

మన ఊళ్లోకి తెచ్చి తిరిగి చెప్పాలి

పుస్తకం మూసేసి, కథను మన వీధిలో పెట్టి ఇంగ్లిష్‌లో చెప్పండి. మొదటి పందిపిల్లది ఎండుగడ్డి పాక, రెండోది సరుగుడు కర్రల ఇల్లు, మూడోది లంకల్లో బట్టీ నుంచి ఇటుక తెచ్చి కట్టుకున్న డాబా. స్ట్రా, స్టిక్స్, బ్రిక్స్ ఎలాగూ వచ్చాయి. తాటాకు కప్పుకు ఏమంటారన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది, థాచ్ దొరుకుతుంది. తప్పుల సంగతి తర్వాత. మధ్యలో మాట అందకపోతే తెలుగు మాట వేసి సాగిపోండి, ఆ రాత్రికి దాన్ని వెతకండి.

వారం తర్వాత మళ్లీ చెప్పి చూడండి. నోటికి రాని మాటల కోసం బెంగపడొద్దు, ఇంకో కథలో అవే ఎదురొస్తాయి.

తెలిసిన మాట మోసం చేసే చోటు

ఇప్పుడు సిండ్రెల్లాకు రావచ్చు. పెరో కథా గ్రిమ్ కథా పక్కపక్కన పెట్టుకుని చదవండి. పెరో కథలో గుమ్మడికాయ బండి, గాజు చెప్పు. గ్రిమ్ కథలో గుమ్మడికాయే లేదు, చివరి రాత్రి చెప్పు బంగారంది. అందులో సవతి తల్లి పప్పుగింజలు బూడిదలో పోసి రెండు గంటల్లో ఏరమంటుంది. పిట్టలు వచ్చి సాయం చేస్తాయి. మంచివి కుండలోకి, చెడ్డవి ‘ఇంటూ ద క్రాప్’ అని పాట. క్రాప్ అంటే పంటేగా అని మనం ధీమాగా ఉంటాం, వాక్యం మాత్రం పొసగదు. ఇక్కడ క్రాప్ అంటే పిట్ట మెడ దగ్గర గింజలు దాచుకునే సంచి. కోడిని కోసినవాళ్లందరూ దాన్ని చూసే ఉంటారు. తెలిసిన మాటే అయినా వాక్యంలో అతకకపోతే, డిక్షనరీ తీయాల్సిన సమయం అదే.

పిల్లలకు చదివేవాళ్లు గ్రిమ్ కథను ముందు తామొకసారి చూసుకోవాలి. చెప్పు పట్టడానికి సవతి అక్కచెల్లెళ్లలో ఒకతి కాలివేలు, ఇంకొకతి మడమ కోసుకుంటారు. హీల్, టో అన్న మాటలు జన్మలో మరిచిపోరు గానీ, అయిదేళ్లవాళ్లకు వద్దు.

ఆండర్సన్‌ను చివరికి ఉంచండి. ఆయన వాక్యాల్లో వెటకారం ఉంటుంది, అది అర్థం కావడానికి మాటలు తెలిస్తే చాలదు. 1843లో వచ్చిన వికారి బాతుపిల్ల కథ మాత్రం కొంచెం ముందే ప్రయత్నించవచ్చు. కోతలైన చేలల్లో బాతుల మందలు తిరగడం చూసిన కళ్లకు గుడ్లు పొదగడం, పిల్లలు బయటికి రావడం, నీళ్లలోకి దిగడం వింత కాదు కాబట్టి హాచ్, పెక్, వాడిల్, డైవ్ వెంటనే అందుతాయి. మొదటి పేరాలో కొంగ ఈజిప్టు భాష మాట్లాడుతుంటుంది. అక్కడ తికమకపడి ఆగిపోకండి. ఒక పేజీ రెండుసార్లు చదివినా కథ ముందుకు కదలకపోతే పుస్తకం పక్కన పెట్టి, ఇంకో నెల గ్రిమ్ కథలే చదవండి.