ఫంక్షన్ వంటల గ్యాస్ పొయ్యి సరిగా మండకపోతే: రెగ్యులేటర్ మార్చే ముందు ఇది చూడండి

పెద్ద పొయ్యి మంట బాగా లేదంటే మన దగ్గర అందరూ చేసే మొదటి పని రెగ్యులేటర్ మార్చడం. తర్వాత సిలిండర్ ఇచ్చినవాళ్లతో గొడవ. రెండూ అయ్యాక, బగారన్నం గంజు అడుగంతా మసి పట్టాక, పొయ్యిని ఆటోలో వేసుకుని హన్మకొండకు, నా దగ్గరికి తెస్తారు. గంజు దించి మంటను రెండు నిమిషాలు గమనిస్తే చాలాసార్లు తప్పు ఎక్కడుందో అక్కడే తేలిపోతుంది. దయచేసి ముందు మంట రంగు చూడండి.

మంట నీలంగానే ఉండి చిన్నదైపోతే గ్యాస్ తక్కువ వస్తోందని అర్థం. మంట పెద్దదిగానే ఉన్నా పసుపుపచ్చగా, మెత్తగా ఊగుతూ, మసి వదులుతుంటే గ్యాస్‌కు లోటు లేదు, గాలే అందడం లేదు. ఈ తేడా తెలియకుండా ఏ సామాను మార్చినా డబ్బు దండగే.

నీలం మంట, కానీ చిన్నది

సిలిండర్ వాల్వ్ పూర్తిగా తిప్పారా, ట్యూబ్ ఎక్కడైనా మడత పడిందా, పొయ్యి కాలి కింద నలిగిందా చూడండి. ఇంట్లో వాడే సిలిండర్ రెగ్యులేటర్ దాదాపు 30 మిల్లీబార్ల ఒత్తిడి మాత్రమే ఇస్తుంది. హై ప్రెషర్ పొయ్యికి అది ఏ మూలకూ చాలదు. పైగా ఇంటి సిలిండర్‌ను క్యాటరింగ్‌కు వాడటం నిబంధనలకు విరుద్ధం. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, దానికి తగిన హై ప్రెషర్ రెగ్యులేటరే పెట్టాలి.

మొదట బాగా మండి, కాసేపటికి మంట దిగిపోతుంటే సిలిండర్ కింది భాగం మీద చెయ్యి పెట్టండి. చల్లగా, చెమట పట్టినట్టు తడిగా ఉంటే కారణం అదే. లోపలి ద్రవం ఆవిరి కావడానికి వేడి కావాలి. పెద్ద పొయ్యి గ్యాస్‌ను వేగంగా లాగేస్తుంటే ద్రవం చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. సిలిండర్ సగానికి వచ్చాక ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మేడారం జాతర రోజుల్లో చలిగాలిలో, తెల్లవారుజామున వండేవాళ్లకు ఈ ఇబ్బంది బాగా తెలుసు. రెండు సిలిండర్లను కలిపి వాడితే తీరుతుంది. సిలిండర్‌ను పడుకోబెట్టడం, మరిగే నీళ్లు పోయడం, పక్కన నిప్పు పెట్టడం మాత్రం ఎప్పుడూ చేయకండి. పడుకోబెడితే ద్రవమే ట్యూబ్‌లోకి వచ్చి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది.

పచ్చ మంట, మసి, వెనక నుంచి నిప్పు

మొదట గాలి పళ్లెం చూడండి. జెట్ అంటే గ్యాస్ బయటికి దూసుకొచ్చే చిన్న బెజ్జం ఉన్న ఇత్తడి ముక్క. దాని దగ్గర గాలి రంధ్రాలను మూసి తెరిచేందుకు తిప్పే రేకే ఈ పళ్లెం. రవాణాలో దానంతట అదే మూసుకుపోతుంది. తెరిస్తే మంట నీలమైతే పని అయిపోయింది.

అది తెరిచే ఉన్నా మంట పచ్చగా వస్తుంటే, జెట్ నుంచి బర్నర్‌కు పోయే గొట్టం లోపల పురుగు గూడు ఉందేమో చూడాలి. నా దగ్గరికి వచ్చే "రెగ్యులేటర్ పోయింది" పొయ్యిల్లో ఎక్కువ వాటి అసలు జబ్బు ఇదే. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. పొయ్యి షెడ్‌లో మూలన పడి ఉంటుంది. బయట వాన. ఎండుగా, చీకటిగా ఉన్న ఇనుప గొట్టం మట్టి గూడు కట్టే కందిరీగకు, సాలీడుకు మంచి చోటు. శ్రావణం రాగానే పైపైన తుడిచి నేరుగా పెళ్లికి తీసుకుపోతారు.

జెట్ నుంచి గ్యాస్ వేగంగా దూసుకుపోతూ పక్క రంధ్రాల నుంచి గాలిని లాక్కుంటుంది. సిలిండర్ గ్యాస్‌లో ఉండే ప్రొపేన్ ఒక పాలు పూర్తిగా కాలాలంటే దాదాపు 24 పాళ్ల గాలి కావాలి. గొట్టం మధ్యలో చిటికెడు మట్టి అడ్డున్నా ఆ లాగుడు తగ్గిపోతుంది, మంట పచ్చబడుతుంది. అడ్డు పెద్దదైతే గ్యాస్ ముందుకు పోలేక గాలి రంధ్రాల నుంచి వెనక్కి వచ్చి అక్కడే అంటుకుంటుంది. పక్కనే ట్యూబ్ ఉంటుంది. జెట్ దగ్గర మంట కనిపిస్తే ఇంకేమీ ఆలోచించకుండా సిలిండర్ వాల్వ్ కట్టేయండి.

బాగు చేయడం కష్టం కాదు. పొయ్యి చల్లారాక ట్యూబ్ తీసి, జెట్ విప్పి పక్కన పెట్టండి. పై బర్నర్ తీయండి. గొట్టం ఒక కొస నుంచి టార్చ్ వేసి రెండో కొస నుంచి చూడండి. వంపు ఉంటే వెలుతురు కనిపించదు కాబట్టి, చూసి సరిపెట్టుకోకుండా సీసాలు కడిగే బ్రష్ గానీ గుడ్డ చుట్టిన తీగ గానీ ఈ చివర నుంచి ఆ చివరకు తీయాల్సిందే. మట్టి గట్టిగా ఉంటే నీళ్లతో నానబెట్టి పొడవండి. తర్వాత పంక్చర్ షాపులో గాలి కొట్టించండి, బర్నర్ వైపు నుంచి జెట్ వైపుకు. జెట్ బిగించి ఉండగా కొడితే మట్టంతా దాని బెజ్జంలో ఇరుక్కుంటుంది. తడి పూర్తిగా ఆరాకే బిగించండి.

ఇంకో మాట. మంట పచ్చగా ఉందని జెట్‌లో సూది పెట్టి తిప్పేవాళ్లు చాలామంది. ఇత్తడి మెత్తది, బెజ్జం పెద్దదవుతుంది. గ్యాస్ ఇంకా ఎక్కువై మంట ఎప్పటికీ పచ్చగానే ఉంటుంది. అలా చెడిన జెట్‌ను మార్చడం తప్ప దారి లేదు.

సీజన్ అయిపోయాక పొయ్యిని కడిగి ఆరబెట్టి, గాలి రంధ్రాలకు, బర్నర్ పైకి ఎర్రగుడ్డ కట్టి పెట్టండి. ఎరుపు ఎందుకంటే, వెలిగించే ముందు విప్పడం మరిచిపోకుండా కనిపించాలి.

మిగతావి

మంట బర్నర్‌ను వదిలి పైకి ఎగురుతుంటే గాలి గానీ ఒత్తిడి గానీ ఎక్కువ, తగ్గించండి. ఒక పక్కే మండుతుంటే గంజి పొంగి బెజ్జాలు పూడాయి, తీగతో తీసేయండి. నారింజ రంగు మెరుపులు అప్పుడప్పుడు వస్తే అది దుమ్ము, పట్టించుకోనక్కర్లేదు. రెగ్యులేటర్ నిజంగా పాడవడం కూడా ఉంటుంది, కానీ పైవన్నీ చూశాక దాని వంతు.

ఏది విప్పి బిగించినా, వెలిగించే ముందు ప్రతి జాయింట్‌కు సబ్బు నీళ్లు రాయండి. బుడగలు వస్తే మళ్లీ బిగించండి. అగ్గిపుల్లతో లీక్ వెతకొద్దు. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు, నేల మీద, గుంటల్లో నిలుస్తుంది. వాసన ఆగకపోతే సిలిండర్ కట్టేసి, మనుషుల్ని దూరం పంపి, గ్యాస్ లీక్ ఎమర్జెన్సీ నంబర్ 1906కు ఫోన్ చేయండి.