బడి తెరిచేలోగా గొంతు సంగతి చూసుకోండి

మామూలుగా జూన్ 12న బడులు తెరుస్తారు. సెలవులంతా ఇంట్లో మెల్లగా మాట్లాడిన గొంతుతో ఒక్కసారిగా రోజుకు ఆరు పీరియడ్లు చెబితే వారానికే బొంగురుపోతుంది. గాజువాకలో రోడ్డు పక్క బళ్లో లారీల హోరు మీద అరిచి అరిచి, ఓ జూలైలో మాటే పెగలక సెలవు పెట్టినదాన్ని. అందుకే తోటి టీచరమ్మలకు ముందే చెబుతున్నాను.

మాట్లాడేటప్పుడు ఆడవాళ్ల స్వరతంత్రులు, అంటే గొంతులో అదిరి మాట పుట్టించే పొరలు, సెకనుకు సుమారు 200 సార్లు కొట్టుకుంటాయి. మగవాళ్లవి 120 దాకా. అదే పాఠానికి మన గొంతు తినే దెబ్బలు ఎక్కువన్నమాట. వాటికి తడి ఉండాలి.

చిక్కంతా అక్కడే ఉంది. బళ్లో బాత్రూం బాగోదని మనం నీళ్లే తాగం. విశాఖ ఉక్కకు చెమటలు కారిపోతున్నా సాయంత్రం ఇల్లు చేరేదాకా రెండు గుక్కలే. గొంతు ఎండుతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. ఒకదానికి బిళ్లలు, మరోదానికి కషాయం వాడతాం గానీ కారణం ఒక్కటే. బడి తెరవకముందే నలుగురూ కలిసి హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్లండి. బాత్రూం తలుపుకు గడియ, లోపల కుళాయి, బకెట్ అడగండి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

బడి తెరిచే ముందు రెండు వారాలూ గొంతును అలవాటు చేయండి. గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు వేళ్ల లోతున ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ ఐదు నిమిషాలు ఊదండి. గొంతు పట్టేసినప్పుడు గుసగుసలాడకండి, అది ఇంకా శ్రమ. రాత్రి తిన్న వెంటనే పడుకుంటే పులితేన్పులు గొంతుదాకా వచ్చి కాలుస్తాయి. అతిమధురం మంచిదే గానీ బీపీ ఉన్నవాళ్లు, గర్భిణులు దాని జోలికి వెళ్లొద్దు. నెలసరికి ముందు కొందరికి స్వరతంత్రులు కాస్త ఉబ్బుతాయి. ఆ రోజుల్లో ప్రార్థన పాట పిల్లల చేత పాడించండి.

గొంతు బరువెక్కడంతో పాటు నీరసం, ఒళ్లు రావడం, నెలసరి తప్పడం ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించండి. రెండు వాక్యాలకే ఆయాసమొస్తే రక్తహీనతేమో చూపించుకోవాలి.

బొంగురు మూడు వారాలు దాటితే వాల్తేరులోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికో, మీకు దగ్గరి డాక్టరుకో చూపించండి. మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా అన్నాళ్లు కూడా ఆగొద్దు.