9 జీలో కళ్ళు బైర్లు కమ్మకుండా: ముందు కాళ్ళు, తర్వాత ఊపిరి

గుంటూరు మిర్చి యార్డులో హమాలీ భుజాన వేసుకునే టిక్కీ, అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. యుద్ధవిమానం 9 జీతో, అంటే ఒంటి బరువు తొమ్మిది రెట్లయ్యేంత వేగంగా, మలుపు తిరిగేటప్పుడు మీ మెడ మోయాల్సిన బరువు అంతకంటే ఎక్కువ. తల 5 కిలోలు, హెల్మెట్టూ మాస్కూ కలిపి కిలోన్నర అనుకున్నా, తొమ్మిదితో గుణిస్తే 58 కిలోలు దాటుతుంది. మెడ నొప్పి పెడుతుంది, నిజమే. కానీ మనిషిని పడగొట్టేది మెడ కాదు, నెత్తురు.

గుండె నుంచి కంటికి ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తుకు రక్తాన్ని ఎక్కించడానికి ఒక్కో జీకి సుమారు 22 పాయింట్ల బీపీ ఖర్చవుతుంది. పై బీపీ 120 ఉన్నవాడికి 5 జీ దగ్గర తలలో మిగిలేది పదే. కనుగుడ్డు లోపల దాని ఒత్తిడి దానికుంటుంది కాబట్టి మెదడు కంటే ముందు చూపు పోతుంది: మొదట రంగులు వెలుస్తాయి, పక్కచూపు మూసుకొస్తుంది, తర్వాత అంతా చీకటి. ఏ జాగ్రత్తా లేకుండా వదులుగా కూర్చున్న చాలామందికి ఇది 4 జీ చుట్టుపక్కలే మొదలవుతుంది. మెదడులో నిల్వ ఉన్న ఆక్సిజన్ నాలుగు నుంచి ఆరు సెకన్లకే సరిపోతుంది. జీ ఒక్కసారిగా పెరిగితే చూపు మసకబారడమనే హెచ్చరిక కూడా ఉండదు, నేరుగా స్పృహే తప్పుతుంది. తేరుకోవడానికి పన్నెండు సెకన్లు, అయోమయం వీడడానికి మరో పన్నెండు. ఆ ఇరవై నాలుగు సెకన్లూ విమానం తన దారిన తాను పోతూనే ఉంటుంది.

16వ నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పుతో అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న అక్కడ వైమానిక దళం ట్రయల్ రన్ చేసింది. అలాంటి చోట కింద నిలబడి, విమానం పక్కకు ఎంత ఒరిగిందో చూసి జీని అంచనా కట్టొచ్చు. ఎత్తు తగ్గకుండా తిరిగేటప్పుడు 60 డిగ్రీలు ఒరిగితే 2 జీ, 75 దాటితే 4 జీ, 80 డిగ్రీలకు దాదాపు 6. చివరి ఐదు డిగ్రీల్లోనే దాదాపు 2 జీ పెరిగిపోతుంది, గమనించండి.

జీ సూట్

పొట్టకూ కాళ్ళకూ బిగించి తొడుక్కునే ఈ దుస్తుల్లో గాలి సంచులు ఐదు: పొట్ట మీద ఒకటి, తొడలకు రెండు, పిక్కలకు రెండు. సుమారు 2 జీ నుంచి విమానం గొట్టం ద్వారా గాలి నింపి కాళ్ళను నొక్కుతుంది, రక్తం కిందికి జారకుండా ఆపుతుంది. సూట్ వేసుకున్నాం కదా అని నిశ్చింతగా కూర్చునేవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. దాని వల్ల వచ్చే లాభం ఒకటి, మహా అయితే ఒకటిన్నర జీ. లేసులు వదులుగా ఉంటే అదీ దక్కదు, ముందు ఖాళీ నిండాకే ఒత్తిడి మొదలవుతుంది. పొట్ట సంచి పక్కటెముకల కిందికీ తుంటి ఎముకకూ మధ్య ఉండాలి. పైకి జరిగితే ఎముకల్ని నొక్కుతుంది, నొప్పి తప్ప ఉపయోగం ఉండదు. కూర్చున్నాక గొట్టం తగిలించి, టెస్ట్ బటన్ నొక్కి, ఐదు సంచులూ ఉబ్బుతున్నాయో లేదో చూసుకోవాలి.

9 జీకి మిగతా మూడున్నర, నాలుగు జీలు మీ ఒంటితో తెచ్చుకోవాల్సిందే.

బిగింపు

మలుపు మొదలవకముందే తలను వెనక దిండుకు ఆనించండి. జీలో ఉండగా మెడ తిప్పకూడదు. పాదాలతో నేలను బలంగా తొక్కుతూ పిక్కలు, తొడలు, పిరుదులు ఆ వరుసలోనే బిగించి, చివర పొట్ట బిగించండి. ఊపిరి ఊపిరితిత్తుల్లో ముప్పాతికకు కాస్త పైగా నింపి "హుక్" అనండి, "క్" దగ్గర ఆగిపోండి. గొంతు అక్కడ మూసుకుంటుంది. మూసిన గొంతు మీదికి ఛాతీతో నెట్టండి. మూడు సెకన్లు. తర్వాత "కా" అని కొంచెమే వదిలి, వెంటనే అంతే పీల్చి, మళ్ళీ "హుక్". ఈ మార్పిడి సెకను లోపే అయిపోవాలి, ఎందుకంటే ఛాతీ వదులైన ఆ క్షణంలో బీపీ పడిపోతుంది. కాళ్ళు మాత్రం మలుపు పూర్తయ్యేదాకా ఒక్క క్షణం కూడా వదలకూడదు.

ఎక్కువమంది చేసే తప్పు ఆలస్యంగా మొదలుపెట్టడం. జీ పెరిగాక బిగిస్తే రక్తం అప్పటికే కాళ్ళలోకి జారిపోయి ఉంటుంది, వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం. ఊపిరిని ఐదు సెకన్ల కంటే ఎక్కువ బిగబడితే గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మూలుగు వినిపిస్తే గొంతు సరిగా మూసుకోలేదని అర్థం. ముఖం ఉబ్బించి ఎర్రబడేవాళ్ళు కష్టపడుతున్నట్టు కనిపిస్తారే గానీ, కాళ్ళు తడితే మెత్తగా ఉంటాయి. ఇంకొకటి: విమానం ముక్కు కిందికి నెట్టి, ఒళ్ళు తేలికైన వెంటనే గట్టిగా పైకి లాగితే జీని తట్టుకునే శక్తి మామూలు కంటే తగ్గుతుంది. అప్పుడు 4 జీ కూడా దెబ్బ తీయొచ్చు.

ఇంట్లో సాధన చేయాలంటే కుర్చీలోనే, ఎప్పుడూ నిలబడి కాదు. పక్కన ఒకరు స్టాప్‌వాచ్ చూస్తూ మూడేసి సెకన్లకు బల్ల మీద తట్టాలి. ఐదు చుట్లు, రెండు నిమిషాల విశ్రాంతి, రోజుకు మూడు సార్లు చాలు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు దీని జోలికి పోవద్దు. విజయవాడ కోచింగ్ సెంటర్ల కుర్రాళ్ళు పొద్దున్నే కాలవ గట్టు మీద మైళ్ళకు మైళ్ళు పరిగెడుతుంటారు. ఈ పనికి స్క్వాట్లే ఎక్కువ పనికొస్తాయి.

వైమానిక దళంలో పైలట్లుండే ఫ్లయింగ్ బ్రాంచి కోసం కోచింగ్‌కు డబ్బు కట్టకముందు టేపు తీసుకోండి. ఎత్తు 162.5 సెంటీమీటర్లకు తగ్గకూడదు, కాలి పొడవు 99 నుంచి 120, తొడ పొడవు 64కు మించకూడదు. తొడ మరీ పొడవైతే ప్రమాదంలో సీటుతో పాటు బయటికి ఎగిరేటప్పుడు మోకాళ్ళు ముందున్న ప్యానెల్‌కు తగులుతాయి. తాజా నోటిఫికేషన్‌తో సరిచూసుకోండి.

తిండీ నీళ్ళూ

ఒంట్లో నీరు తగ్గితే జీని తట్టుకునే శక్తి తగ్గుతుంది. బెజవాడ మే ఎండల్లో తిరిగి వచ్చినవాడికి ఇది మరీ ముఖ్యం. ముందు రోజు నుంచే మజ్జిగ, నీళ్ళు. మూత్రం లేత రంగులో ఉండాలి. ఖాళీ కడుపూ తప్పే. రెండు గంటల ముందు మూడు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. పెసరట్టు, శనగల గుగ్గిళ్ళు ఆ రోజుకు వద్దు: 18 వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి సగమవుతుంది, కాబట్టి కాక్‌పిట్ గాలి పలచబడే కొద్దీ పొట్టలో గ్యాసు ఉబ్బుతుంది, పైన సూట్ సంచి దాన్నే నొక్కుతుంది. కిందికి దిగేటప్పుడు చెవులు పట్టేస్తే ముక్కు మూసి మెల్లగా ఊదండి. జలుబుంటే ఆ రోజు ఎక్కకండి.

దిగాక ముంజేతుల మీద, కాళ్ళ మీద ఎర్రటి చిన్న చుక్కలు కనిపిస్తే కంగారు అక్కర్లేదు. సన్నటి రక్తనాళాలు చిట్లిన గుర్తులవి, కొన్ని రోజుల్లో పోతాయి. మెడ నొప్పితో పాటు చేతి వేళ్ళు తిమ్మిరెక్కితే మాత్రం మాత్ర వేసుకుని ఊరుకోకుండా డాక్టరుకు చూపించుకోవాలి.