చెన్నైలో ఇంటిల్లిపాదికీ ముఖ్యమంత్రి ఆరోగ్య బీమా: దరఖాస్తు విధానం

తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకం కుటుంబం మొత్తానికి వర్తిస్తుంది. జాబితాలో ఉన్న ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రుల్లో, పథకం కిందికి వచ్చే చికిత్సలకు ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చేతి డబ్బు పెట్టక్కర్లేదు. ఆ మొత్తం ఇంట్లో ఎవరికి అవసరమైతే వాళ్లకు. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది. కుటుంబ వార్షికాదాయం 1,20,000 రూపాయలు మించకూడదు.

భార్యాభర్తలు, పిల్లలు, ఆ దంపతుల మీద ఆధారపడిన తల్లిదండ్రులు ఇందులోకి వస్తారు. పిల్లలకు ఉద్యోగం వచ్చేవరకో, పెళ్లయ్యేవరకో, 25 ఏళ్లు నిండేవరకో, ఏది ముందైతే అప్పటిదాకా వర్తిస్తుంది. వీళ్లలో ఎవరికైనా రేషన్ కార్డులో పేరుంటే చాలు, కుటుంబ సభ్యుల కిందే లెక్క, ఇంకో రుజువు అక్కర్లేదు. పేదవాళ్లకు ఇది చాలా మేలు చేసే నిబంధన. అందుకే అన్నిటికంటే ముందు రేషన్ కార్డు తీసి చూడండి. కొత్త కోడలి పేరు, ఊరి నుంచి వచ్చిన అమ్మ పేరు ఎక్కించారా? ఆంధ్రా కార్డులో పేరుంటే అక్కడ తీయించిన కాగితం తెచ్చుకుని ఇక్కడ చేర్పించాలి. మనవాళ్లకు తగిలే ఇంకో చిక్కు ఇంటిపేరు. ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ఉంటుంది, ఇక్కడి కార్డులో తండ్రి పేరు మొదటి అక్షరం ఒక్కటే ఉంటుంది. రెండూ ఒకేలా ఉండేట్టు ముందే సరిచేయించుకుంటే కౌంటర్ దగ్గర టెన్షన్ ఉండదు.

తర్వాత ఆదాయ ధ్రువపత్రం. వీఏఓ (గ్రామ పరిపాలనాధికారి) దగ్గర గానీ, ఈ-సేవై కేంద్రం (మన మీసేవ లాంటిది) ద్వారా రెవెన్యూ శాఖకు దరఖాస్తు పెట్టి గానీ తీసుకోవచ్చు. అది, రేషన్ కార్డు, అందరి ఆధార్ పట్టుకుని కలెక్టరాఫీసులోని బీమా నమోదు కౌంటర్‌కు వెళ్లాలి. చెన్నైవాళ్లకైతే అది రాజాజీ సాలైలో, బీచ్ స్టేషన్‌కు దగ్గర్లోనే ఉంది. ఫొటో, వేలిముద్రలు అక్కడే తీస్తారు కాబట్టి ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లడం మేలు.

పనికోసం వలస వచ్చినవాళ్లకూ దారి ఉంది. ఆరు నెలలకు పైగా తమిళనాడులో ఉంటున్నట్టు కార్మిక శాఖ ధ్రువీకరిస్తే చేర్చుకుంటారు. కట్టడం పనుల్లో ఉన్న మన శ్రీకాకుళం, ప్రకాశం కుటుంబాలకు ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఏ ఆసుపత్రి జాబితాలో ఉందో, ఏ చికిత్స వర్తిస్తుందో చేరకముందే 1800 425 3993కు ఫోన్ చేసి అడగండి. కాల్‌కు డబ్బు పడదు.